మా మేనత్త పెట్టిన పరీక్ష

మా మేనత్త పెరట్లో బట్టలుతికే బండ మీద జారిపడినప్పుడు నేను వంటింట్లో పప్పుకు తాలింపు పెడుతున్నాను. ధబ్‌మన్న చప్పుడు విని పరుగెత్తాను. ఆమె వెల్లకిలా పడి, తల కొంచెం ఎత్తి తన కుడికాలి వంక తనే చూసుకుంటోంది. మొహమంతా నొప్పి. గొంతులో మాత్రం డ్యూటీలో ఉన్నప్పటి గట్టితనం అలాగే ఉంది.

"నన్ను ముట్టకు. కాలు పొట్టిగైంది, పాదం బయటికి తిరిగింది. తుంటి ఇరిగింది. తాలింపు మాడు వాసనొస్తంది, ముందు పొయ్యి ఆర్పి రా. తర్వాత పక్కింటోళ్లను పిలిచి ఒక చెక్క తలుపు ఊడదీసుకొని రమ్మను. దాని మీద పండబెట్టి మోస్తె కాలు కదలదు."

పక్కింటివాళ్లు నిజంగానే స్నానాల గది తలుపు ఊడదీసి తెచ్చారు. ఖమ్మంలో పెద్ద డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, ఆమె పెరట్లో పడుకుని చెప్పిన మాటే మళ్లీ చెప్పాడు. "నేను పొద్దున్నే చెప్పిన" అంది మా మేనత్త స్ట్రెచర్ మీద నుంచి.

ఆమె మా నాన్నకు అక్క. పెళ్లి చేసుకోలేదు. అడవి అంచున ఉన్న ఒక మిషన్ దవాఖానాలో ముప్ఫై ఏళ్లకు పైగా నర్సుగా చేసి, రిటైరయ్యాక భద్రాచలంలో నా దగ్గరికి వచ్చేసింది. మా వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె సిస్టరమ్మే. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి బిడ్డ పాలు తాగకపోయినా ముందు మా ఇంటి గేటు చప్పుడయ్యేది. అలాంటి మనిషి డెబ్బై రెండేళ్ల వయసులో, తుంటిలో రాడ్డు వేయించుకుని, మంచం మీద పడుకోవాల్సి వచ్చింది. ఆరువారాలు ఆ కాలి మీద బరువు మోపకూడదు, మొత్తం మూడు నెలలు పక్కన ఒక మనిషి ఉండాలి అన్నాడు డాక్టరు.

ఆ మనిషిని ఎక్కడి నుంచి తేవాలి? నేను దుమ్ముగూడెం దారిలో ఒక పల్లెలో టీచరును. పొద్దున ఎనిమిదింటి బస్సెక్కితే మళ్లీ ఇంటికి చేరేసరికి ఐదు దాటేది. మా ఆయనకు వైరాలో ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగం, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారగానే వెళ్లేవాడు. నాకున్న సెలవుల్లో సగం అప్పటికే ఆస్పత్రిలో అయిపోయాయి.

దారి చూపించింది మా ఆయనే. అప్పుడప్పుడే మొబైల్ ఫోన్లు అందరి జేబుల్లోకీ వస్తున్న రోజులవి. ఖమ్మం నుంచి వచ్చేటప్పుడు బస్సులో డ్రైవరు సీటు వెనక ఒక కాగితం అంటించి ఉందట. 'మీ ఇంటి వద్దకే నర్సింగ్ సేవలు. శిక్షణ పొందిన సిబ్బంది.' ఆ నంబరు టికెట్ వెనక రాసుకొచ్చాడు.

మా మేనత్త ఆ మాట వినగానే కస్సుమంది. "నర్సుకు నర్సా? దవాఖానాల నాతోని పనిచేసినోళ్లు వింటె కడుపు పట్టుకొని నవ్వుతరు."

"మరి నేను బడికి పోయినప్పుడు బెడ్‌పాన్ ఎవరు పెడతారు అత్తమ్మా?"

మా మేనత్త ఫ్యాను వంక ఒకసారి చూసి, "సరే. గని ఎవర్ని బడితె వాళ్లను నా ఒంటి మీద చెయ్యెయ్యనియ్య. నేను పరీక్ష పెడత. కాయితం పెన్ను తే" అంది.

నేను పిల్లలకు ప్రశ్నపత్రాలు రాసే మనిషిని. ఆ రోజు మాత్రం మంచం పక్కన కూర్చుని ఆమె చెబుతుంటే రాసుకున్నాను. మీ మనుషులకు పని ఎవరు నేర్పిన్రు, ఎన్ని దినాలు నేర్పిన్రు? మీరు పంపే మనిషికి జ్వరమొస్తే ఆ దినం ఎవరొస్తరు? మంచంల ఉన్న రోగిని ఎన్ని గంటలకొకసారి ఒత్తిగిలబెట్టాలె? రోగి తిడితే మీ మనిషి ఏం చేస్తది? మీ మనిషికి వారానికొక దినం సెలవిస్తరా? గోదావరి పొంగి తొవ్వలు మూసుకపోతె ఏం చేస్తరు? ఇలా రెండు పేజీలు వచ్చాయి. చివర్లో, "ఇంతకుముందు ఏ ఇండ్లల్ల చేసిన్రో రెండు అడ్రసులు అడుగు. వాళ్ల మాట నమ్మి రాకు, పోయి చూడు" అంది.

పక్కింటామెను మా మేనత్త దగ్గర కూర్చోబెట్టి వెళ్లాను. ఆ ఏజెన్సీ ఖమ్మం బస్టాండు దగ్గర ఒక జిరాక్సు షాపు పైన ఒకే ఒక్క గది. కుర్చీలు మూడు, టేబుల్ మీద గాజు పలక, దాని కింద క్యాలెండరు. మేనేజరు నలభై ఏళ్లవాడు, నున్నగా దువ్విన తల, టక్ చేసిన చొక్కా. అంతకుముందు మందుల కంపెనీలో తిరిగేవాడట. నన్ను చూడగానే కూల్‌డ్రింక్ తెప్పించాడు.

"మేడం, మీరేం టెన్షన్ పడకండి. మా స్టాఫ్ అందరూ ట్రైన్డ్. సొంత మనుషుల్లా చూసుకుంటరు."

నేను సంచిలోంచి కాగితాలు తీశాను. రెండు ప్రశ్నలు అయ్యేసరికి ఆయన నవ్వు తగ్గింది. నాలుగో ప్రశ్న దగ్గర జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. గోదావరి ప్రశ్నకు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, "ఇది ఇంతవరకు ఎవరూ అడగలే మేడం" అన్నాడు.

"మా అత్తమ్మ అడిగింది. ప్రతి ఏడూ వచ్చేదే కదా."

"ఎవరామె, డాక్టరా?"

"నర్సు."

ఆయన సొరుగులోంచి నోట్‌బుక్ తీసి, నా ప్రశ్నలన్నీ ఒక్కొక్కటీ తన చేత్తో ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. తెలియనివాటి పక్కన చిన్న చుక్క పెట్టుకున్నాడు. చుక్కలే ఎక్కువయ్యాయి. అయినా నాకు ఆ మనిషి మీద అక్కడే కొంత నమ్మకం కుదిరింది. అబద్ధం చెప్పి పంపించడం ఆయనకు చాలా తేలిక, కానీ ఆ పని చేయలేదు.

ఆయన ఇచ్చిన అడ్రసుల్లో ఒక ఇంటికి ఆ మధ్యాహ్నమే వెళ్లాను. పక్షవాతం వచ్చి కోలుకుంటున్న ఒక పెద్దాయన, రిటైరైన తాసిల్దారు, వరండాలో కూర్చుని ఉన్నాడు. ఏజెన్సీ పిల్ల ఎలా చూసుకుందండీ అని అడిగితే, చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "పిల్ల మంచిదేనమ్మా. వేళకు మందులిచ్చింది, నడిపించింది. గని మధ్యాహ్నం రెండైతే టీవీ ముందల కూసునేది. నేను రోజూ కోప్పడేటోణ్ణి. ఆ పిల్ల పోయి నెలైంది. ఇప్పుడు రెండైతే నేనే పెట్టుకొని చూస్తున్న." లోపలి నుంచి ఆయన భార్య నవ్వింది. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా మేనత్త, "ముసలాయన బతికిండు, నడుస్తుండు, కోపమొస్తంది. ఏజెన్సీ పాసే" అని తేల్చింది. "ఇగ మనిషిని చూడాలె."

మరుసటి ఆదివారం మేనేజరు ఇద్దరిని వెంటబెట్టుకుని పొద్దుటి బస్సులో దిగాడు. ఒకమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయేమో. ఇస్త్రీ చేసిన తెల్లకోటు, చేతిలో లామినేషన్ చేయించిన సర్టిఫికెట్, సంచిలో బీపీ మిషను. రెండో ఆమెకు నలభై దాటి ఉంటాయి. దుమ్ముగూడెం అవతల అడవిలో ఒక కోయగూడెం ఆమెది. ముతక నేతచీర, చెవులకు దిద్దులు, చేతిలో ప్లాస్టిక్ బుట్ట. ఏదో ఆస్పత్రిలో నాలుగేళ్లు ఆయాగా చేసిందట.

మా మేనత్త ఆ రోజు తెల్లారకముందే జడ వేయించుకుని, ఉతికిన చీర కట్టించుకుని, మూడు దిండ్లకు ఆనుకుని కూర్చుంది. ఎదురుగా ఇంకో మంచం, దాని మీద దుప్పటి, ఒక పక్కన బకెట్లో నీళ్లు, సబ్బు. ఏం చేయబోతోందో నాకు చెప్పలేదు.

వచ్చినవాళ్లు టీ తాగాక మేనేజరుతో, "నువ్వు ఆ మంచం మీద పండుకో అయ్యా" అంది.

"నేనా మేడం?"

"అవ్, నువ్వే. నా తుంటి మీద వీళ్లు నేర్చుకుంటరా? నీ తుంటికేం గాలే గద. నువ్వే రోగివి. కుడికాలు కదిలియ్యకు. నువ్వు లేవకుండనే నీ కింది దుప్పటి వీళ్లు మార్చాలె. ఇద్దరికీ అదే పరీక్ష."

ఆయన నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను. మా ఆయన లుంగీ ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "ప్యాంటు నలుగుతది సార్" అన్నాడు గంభీరంగా. ఖమ్మం నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి చొక్కా మీద లుంగీ చుట్టుకుని మా ఇంటి నవారు మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు.

మొదట తెల్లకోటు అమ్మాయి. బీపీ చకచకా చూసింది, అంకెలు సరిగ్గానే చెప్పింది. దుప్పటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన చేయి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. "అమ్మా!" అని అరిచాడాయన, నిజం రోగిలాగే. దుప్పటి సగం కింద, సగం మెడ చుట్టూ చిక్కుకుంది. వాకిట్లోంచి పక్కింటివాళ్ల నవ్వులు వినిపించాయి. వాళ్లెప్పుడొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారో ఎవరూ చూడలేదు.

"ఒక ముచ్చట చెప్పు" అంది మా మేనత్త ఆ అమ్మాయితో. "నాకు ఉన్నట్టుండి చలిజ్వరం వచ్చింది. డాక్టరు ఊళ్లె లేడు. ఏం చేస్తవ్?"

అమ్మాయి తడుముకోకుండా ఒక ఇంజెక్షన్ పేరు చెప్పి, వెంటనే ఇస్తానంది.

మా మేనత్త రెండో ఆమెకు సైగ చేసింది.

ఆమె ముందు బకెట్ దగ్గరికి వెళ్లి మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. తర్వాత మంచం పక్కన వంగి, మేనేజరుతో నెమ్మదిగా చెప్పింది. "సార్, ఇప్పుడు మిమ్ముల నా దిక్కు తిప్పుత. చేతులు ఛాతీ మీద పెట్టుకోండ్రి. నొస్తె చెప్పుండ్రి." ఒక చేయి భుజం కింద, ఒకటి నడుం కింద పెట్టి, కాళ్ల మధ్య దిండు ఇరికించి, దుంగను దొర్లించినట్టు ఒళ్లంతా ఒకేసారి తిప్పింది. పాత దుప్పటిని ఆయన వీపు దాకా చుట్టి, కొత్తది పరిచి, అటు వెళ్లి మళ్లీ ఇటు తిప్పింది. ఆయన కళ్లు మూసుకుని హాయిగా ఊపిరి వదిలాడు. ఇంకో నిమిషం ఆగితే నిద్రపోయేవాడేమో.

"నాకు చలిజ్వరం వస్తె?" అడిగింది మా మేనత్త.

"దుప్పటి కప్పుత. చలి తగ్గినంక తడిగుడ్డ పెడుత. ఇంజెక్షన్ నేనియ్యనమ్మా, నాకు రాదు. డాక్టరుకు ఫోను చేపిస్త."

"థర్మామీటర్ చూడొస్తదా?"

"రాదమ్మా. అంకెలు ఎరుకే గని, ఆ సన్న గీత కండ్లకు ఆనదు."

మా మేనత్త మొహం విప్పారింది. "రాదని చెప్పుడు వచ్చు నీకు. మిగిలింది నేను నేర్పుత."

తెల్లకోటు అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. మా మేనత్త ఆమెను దగ్గరికి పిలిచి, మంచం అంచున కూర్చోబెట్టుకుని చేయి పట్టుకుంది. "ఏడ్వకు బిడ్డా. నీ చెయ్యి తేలిక, బీపీ మంచిగ చూసినవ్. నీకు నేర్పినోళ్లదే తప్పు. సర్టిఫికెట్ ఇచ్చిన్రు, మంచం మీద మనిషిని తిప్పుడు చూపియ్యలే." ఆ మాట అంటూ ఆమె చూసింది మాత్రం మేనేజరు వంక. ఆయన లుంగీ సర్దుకుంటూ తల ఊపాడు.

అలా ఆ అడవిపల్లె ఆమె మా ఇంటికి వచ్చింది. నేను అక్కా అని పిలిచేదాన్ని. పొద్దున నేను బస్సెక్కేముందు మా మేనత్తకు స్నానం, టిఫిను అయిపోయేవి. సాయంత్రం నేను వచ్చేసరికి ఇద్దరూ మాటల్లో ఉండేవాళ్లు, అదీ కోయ భాషలో. ఏళ్ల తరబడి గూడేల నుంచి వచ్చే రోగులతో మాట్లాడి మా మేనత్తకు ఆ భాష బాగా వచ్చు. నాకు ముక్క రాదు. నేను గదిలోకి రాగానే ఇద్దరూ ఆగి, నా మొహం చూసి, మళ్లీ నవ్వేవాళ్లు. ఏమిటని అడిగితే, "నీ ముచ్చట కాదులే" అనేది మా మేనత్త. నా ముచ్చటేనని నాకు తెలిసిపోయేది.

అయితే ఇన్నేళ్లు రోగులను అదిలించిన ఆ నర్సమ్మ తను రోగి అయ్యాక ఎంత మొండిదో అప్పుడే బయటపడింది. కాలు వ్యాయామాలు పదిసార్లు చేయమంటే ఆరు చేసి పది అని లెక్క చెప్పేది. ఎవరూ చూడనప్పుడు కాలు కింద పెట్టి లేవబోయేది. ఒకరోజు ఆమె లేవబోతుంటే అక్క గుమ్మంలోనే కనిపెట్టింది.

"సిస్టరమ్మా, గదేంది?"

"ఏం గాలే. కిటికీ ఏద్దామని."

"కిటికీ ఏసే ఉంది."

"నేను నర్సునే. నా కాలు సంగతి నాకు తెల్వదా?"

"మీరు నర్సే. గని ఇప్పుడు డ్యూటీ నాది" అంది అక్క. గొంతు పెంచలేదు. మంచం దగ్గరికి వచ్చి కాలు ఎత్తి పైన పెట్టింది. మా మేనత్త నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. ఆమె నోరు మూయించిన మనిషిని నేను నా జీవితంలో మొదటిసారి అప్పుడే చూశాను. ఆ సాయంత్రం నాతో, "మంచిగ నేర్చుకుంటంది" అంది, తనే నేర్పినట్టు.

అక్క వచ్చిన నాలుగోవారంలో గోదావరి పొంగింది. పొద్దున నేను బడికి వెళ్లేటప్పుడు నీళ్లు రోడ్డుకు దూరంగానే ఉన్నాయి. మధ్యాహ్నానికి వాగులు ఎదురుతన్ని రోడ్డెక్కాయి, బస్సులు ఆగిపోయాయి. ఆ రోజూ, మర్నాడూ తోటి టీచరమ్మ ఇంట్లో ఉండిపోయాను. ఫోన్లు పనిచేయలేదు. నడవలేని మనిషి, పరిచయమై నెలైనా సరిగ్గా కాని మనిషి, ఇద్దరే ఇంట్లో. ఏజెన్సీని అన్ని ప్రశ్నలడిగినా, గోదావరి ప్రశ్నకు ఆ మేనేజరు చుక్క పెట్టుకోవడమే గుర్తొచ్చేది.

మూడోరోజు నీళ్లు తగ్గాక ఒక ట్రాక్టరు మీద ఊరు చేరాను. మా వీధిలోకి నీళ్లు రానేలేదు. ఇంట్లోకి అడుగు పెడితే, మా మేనత్త పండుగకు కట్టుకునే పట్టుచీర కట్టుకుని, పౌడరు రాసుకుని, కుర్చీలో దర్జాగా కూర్చుని ఉంది. పక్కన బిస్కెట్ల డబ్బాలో మందులు, డాక్టరు చీటీలు, ఎక్స్‌రే ఫిల్ము, బైబిలు, ఒక టార్చిలైటు. పక్కింటి నుంచి మళ్లీ ఊడదీసి తెచ్చిన స్నానాల గది తలుపు గోడకు ఆనించి ఉంది.

"ఏంది అత్తమ్మా ఇది?"

"పడవలొస్తయని చెప్పిన్రు. రెండు దినాల సంది తయారయి కూసున్న. ఒక్క పడవ రాలే" అంది చాలా నిరాశగా. "మోసేటోళ్లు నలుగుర్ని కూడ ఈమె మాట్లాడి పెట్టింది."

అక్క నవ్వుతూ నాకు టీ గ్లాసు అందించింది. అప్పుడు నాకు తట్టింది.

"అక్కా, మీ ఊరెట్ల ఉంది? మీ ఇంట్లోకి నీళ్లు రాలేదా?"

"పొలంలకొచ్చినయట. ఇల్లు గుట్ట మీదుంది, ఏం గాలే. పొద్దుగాల మావోడు ట్రాక్టరోళ్లతోని కబురు పంపిండు. గొడ్లను పైకి తోలిండట."

రెండు పేజీల ప్రశ్నల్లో ఆమె ఇంటి సంగతి ఎక్కడా లేదు. ఆమె మా ఇంట్లో ఉంటే వాళ్లింట్లో ఎవరుంటారని నేనూ అడగలేదు, మా మేనత్తా అడగలేదు. ఆ మాట మా మేనత్తకూ తగిలినట్టుంది. అప్పటికప్పుడు పట్టుచీరతోనే కూర్చుని, "రేపే పో. నాలుగు దినాలు ఉండి రా. పొలం చూసుకో" అంది. అక్క వెళ్లిన ఆ నాలుగు రోజులకు బదులుగా మేనేజరు ఎవరిని పంపాడనుకున్నారు? తెల్లకోటు అమ్మాయిని. కోటు లేకుండా మామూలు చుడీదారులో వచ్చి, గుమ్మంలో నిలబడి, "అమ్మా, మనిషిని తిప్పుడు నేర్పుతరా?" అని అడిగింది. మా మేనత్త ఆ నాలుగు రోజులూ ఆ పిల్ల చేత తననే తిప్పించుకుంది.

మూడో నెల చివరికి మా మేనత్త చేతికర్ర పట్టుకుని గేటు దాకా నడిచింది. మేనేజరు మిఠాయి డబ్బాతో వచ్చి, మా సర్వీసు ఎలా ఉంది మేడం అని అడిగాడు.

"ఆమెకు నూటికి తొంభై. నీ ఏజెన్సీకి నలభై."

"ముప్ఫై ఐదుకు పాసే గద మేడం" అన్నాడాయన. తర్వాత కొంచెం మొహమాటంగా, తన దగ్గర ఇంకా ఎనిమిది మంది ఉన్నారని, వాళ్లకు ఆమె పని నేర్పితే బాగుంటుందని అడిగాడు. మా మేనత్త బెట్టు చేస్తుందనుకున్నాను. "శనివారం తోలుకరా. గోర్లు కత్తిరించుకొని రమ్మను" అంది వెంటనే. ఆ తర్వాత చాలా నెలలపాటు రెండో శనివారాల్లో మా వరండా నిండా చెప్పులుండేవి.

అక్కకు కొత్తగూడెంలో ఇంకో ఇంట్లో పని కుదిరింది. దానికి వెళ్లేముందు వారం రోజులు తన ఊరికి పోయొస్తానంది. ఆ పొద్దున మా మేనత్త బస్సు దాకా తనూ వస్తానని పట్టుబట్టింది. మా ఇంటి నుంచి దుమ్ముగూడెం బస్సు ఆగే చోటికి రెండు వీధులు. ఆపరేషను తర్వాత ఆమె అంత దూరం ఎప్పుడూ నడవలేదు. అక్క ఒక పక్క, నేను ఒక పక్క. దారిలో రెండుచోట్ల అరుగుల మీద కూర్చోబెట్టాం.

బస్సు వచ్చింది. అక్క బుట్ట పట్టుకుని ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. కండక్టరు మా మేనత్త కర్ర చూసి, "పెద్దమ్మా, మెల్లగ ఎక్కు, నేను పట్టుకుంట" అన్నాడు.

"నేను ఎక్కేది లేదు. సాగనంపనీకొచ్చిన. జర ఆపు, ఒక మాట చెప్పాలె."

బస్సు కదలకుండా ఆగింది. మా మేనత్త కిటికీ ఊచలు పట్టుకుని కోయలో గబగబా ఏదో చెప్పింది. అక్క ఏదో జవాబిచ్చింది. ఇద్దరూ నా వంక చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. కండక్టరుకు కూడా ఆ భాష వచ్చేమో, వాడూ నవ్వి రైట్ అన్నాడు.